ఫరంగీ జబాన్, మన జబాన్

గుంటూరు నుంచి నరసరావుపేట వైపు పోయే రైలు నల్లపాడు జంక్షన్ దాటిన కాసేపటికి ఫిరంగిపురం వస్తుంది. ఆ పేరు వినగానే చాలామందికి తోపు గుర్తొస్తుంది. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందన్నదాని మీద రకరకాల కథలున్నాయి, వాటి జోలికి నేను పోను. లఫ్జ్ సంగతి మాత్రం చెబుతా. ఫిరంగి అంటే మొదట మనిషే, తోపుకి ఆ పేరు తర్వాత వచ్చింది. ఫార్సీలో ఫరంగ్, అరబ్బీలో ఇఫ్రంజ్. పడమటి ఫ్రాంకు జాతివాళ్ళని పిలవడానికి పుట్టిన మాట పోనుపోను యూరపువాళ్ళందరికీ అంటుకుంది. ఆ ఫ్రాంకుల పేరు మీదే ఫ్రాన్సు దేశానికీ పేరొచ్చింది. అంటే మిర్చీ, పత్తీ పండే మా నల్లరేగడిలో ఫ్రాన్సు మాట ఒక ఊరి పేరులో నానిపోయి, ఎవరికీ పరాయిగా అనిపించకుండా కూర్చుని ఉంది.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, ఈమధ్య మా ఆపా కూతుర్ని పెద్ద బడిలో చేర్పించడానికి వెళ్ళాం. పేరులో ఇంటర్నేషనల్ అని ఉన్న ప్రైవేటు బడి. ఫారంలో భాషల గడి దగ్గర తెలుగు, హిందీ, సంస్కృతం, ఫ్రెంచి అని ఉన్నాయి. ఉర్దూ లేదు. ఆపా అడిగింది. "అడిగేవాళ్ళు లేరమ్మా, టీచరూ దొరకదు" అన్నారు, మర్యాదగానే. భాంజీ నా చెవి దగ్గరకొచ్చి, "మామూ, ఫ్రెంచి తీసుకుంటే మార్కులు బాగా వేస్తారంట" అంది. దాని తప్పేం లేదు. ఇంటర్‌లో సంస్కృతం తీసుకునే మన పిల్లలు కూడా కాళిదాసు మీద మొహబ్బత్‌తో తీసుకోవడం లేదు, మార్కుల కోసమే తీసుకుంటున్నారు.

ఫ్రెంచి మీద నాకు అదావత్ లేదు. నా పేచీ ఆ గడితోనే. వారానికి మూడు పీరియడ్లు ఫ్రెంచి చెప్పి 'అంతర్జాతీయ తాలీమ్' అనడం ఒకటి, రెండు జబాన్ల బడి నడపడం వేరొకటి. రెండోదానికి అసలు నమూనా జెనీవాలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి దఫ్తర్, కార్మికుల అంతర్జాతీయ సంస్థ దఫ్తర్ ఆ ఊళ్ళో పెట్టారు. తలో ముల్కు నుంచీ వచ్చిన ఉద్యోగులు తమ పిల్లల్ని ఏ బడిలో వేయాలన్న ఫికర్‌లో 1924లో జెనీవా ఇంటర్నేషనల్ స్కూలు పెట్టుకున్నారు. ఫ్రెంచి, ఇంగ్లీషు అక్కడ రెండూ పనిచేసే భాషలు. ఒక భాషలో పాఠం విని ఇంకో భాషలో జగడం ఆడగలిగిన పిల్లలు ఆ బడిలో తయారయ్యారు. ఇప్పుడు మన పెద్ద బడులు గొప్పగా చెప్పుకునే ఐబీ అనే పరీక్షా విధానం కూడా 1968లో ఆ ఊళ్ళోనే, ఆ బడి నీడలోనే పుట్టింది. యుద్ధంలో చచ్చిన లక్షల మందిని చూసి, పిల్లలు అవతలివాడి జబాన్‌లో ఆలోచించడం నేర్చుకుంటే మంచిదన్న ఖయాల్‌తో మొదలైన తాలీమ్ అది. మన దగ్గరికి వచ్చేసరికి ఫీజు రసీదు అయింది.

ఖైర్. మన నేలమీదికి వద్దాం. గుంటూరు సీమకి కొండవీడు రాజధాని. కుతుబ్‌షాహీల చేతికి వచ్చాక దాని పేరు ముర్తజానగర్. నిజాం సలాబత్ జంగ్ హైదరాబాద్ గద్దె మీద నిలబడింది ఫ్రెంచి ఫౌజు దన్నుతో. ఆ ఫౌజుకి సర్దార్ బుస్సీ. ఫౌజుకి జీతాలివ్వడానికి ఖజానాలో డబ్బు లేదు, అందుకని జాగీర్లిచ్చారు. ముందు కొండవీడు సీమ ఫ్రెంచివాళ్ళకి వెళ్ళింది. 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు సర్కార్లు కూడా రాసిచ్చారు. 1752లో ఫ్రెంచివాళ్ళు తమ మకాం కొండవీటి కోట నుంచి గుంటూరుకి దింపారని, ఇప్పటి పట్నం దాని చుట్టూ పెరిగిందని చెబుతారు. ఎర్రమిరపకాయల ఘాటు తప్ప ఇంకేం తెలియని ఊరనుకుంటాం గానీ, గుంటూరు పట్నం పుట్టుకలో ఫ్రెంచి పాలు ఉంది.

మరి ఈ సర్కార్లని ఫ్రెంచివాళ్ళు ఏ జబాన్‌లో ఏలారు? దర్బారులో ఫార్సీ. లెక్కల్లో ఫార్సీ, తెలుగు. రైతుతో తెలుగు. బుస్సీకి ఒక మనిషి కావాలి, బడి పెట్టి తయారు చేసే టైం లేదు. ఆ మనిషి పేరు అబ్దుర్రహ్మాన్. మచిలీపట్నం పిల్లాడు. బాప్ అక్కడ ఫౌజ్‌దారుగా చేసినవాడు, ఫ్రెంచివాళ్ళకి దోస్తు. కొడుకు పుదుచ్చేరిలో పెరిగి ఫ్రెంచి నేర్చుకున్నాడు. ఇంటి నుంచి ఫార్సీ, ఉర్దూ, వీధి నుంచి తెలుగు వచ్చి ఉండాలి, మచిలీపట్నం వీధుల్లో వేరే ఎలా బతుకుతాడు? బుస్సీ వెంట దుబాసీగా దక్కన్ వెళ్ళాడు. ఏడేళ్ళు తిరక్కుండానే దివాన్ అయ్యాడు, హైదర్ జంగ్ అన్న ఖితాబ్ వచ్చింది.

తెలుగువాళ్ళకి ఈ మనిషి తెలుసు. బొబ్బిలి కథలో హైదరు జంగు ఈయనే. 1757 జనవరిలో బుస్సీ ఫౌజు బొబ్బిలి కోట మీద పడింది. విజయరామరాజు నూరిపోసిన మాటలు బుస్సీ చెవికి చేరవేసింది హైదర్ జంగ్ అని కథ చెప్పేవాళ్ళు చెబుతారు, లంచం తిన్నాడనీ అంటారు. తిన్నాడో లేదో అల్లాకే ఎరుక. నాకు మాత్రం ఆ కథలో వణుకు పుట్టించేది వేరే ఉంది. బుస్సీకి తెలుగు రాదు, బొబ్బిలి రంగారావుకి ఫ్రెంచి రాదు. ఇద్దరి మధ్యా మాటలు మోయగలిగిన మనిషి చేతిలో ఒక కోటలోని ఆడవాళ్ళ, పిల్లల జాన్ ఉంది. రెండు జబాన్లు రావడం అంటే మార్కులు కాదు, అది ఒక తాఖత్. అలాంటి తాఖత్ ఒక్కడి గుప్పిట్లో ఉంటే ఏమవుతుందో బొబ్బిలి బూడిద చెబుతుంది.

హైదర్ జంగ్‌కి కూడా అది కలిసిరాలేదు. 1758 మేలో ఔరంగాబాద్‌లో నిజాం అలీ డేరాలో అతన్ని చంపేశారు. ఆ వెంటనే చెలరేగిన గలాటాలో 'మఆసిరుల్ ఉమరా' రాసిన షానవాజ్ ఖాన్ కూడా ఖతమయ్యాడు. మొగలాయీ ఉమరాల జీవితాలు రాసిన మహా ముసన్నిఫ్ ఫ్రెంచి సిపాయిల చేతిలో పోయాడు. ఆ మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకున్నాడు, మే నెలలో సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్ళతో అహద్‌నామా రాసుకున్నాడు. ఫ్రెంచి హుకూమత్ అక్కడితో సరి. గుంటూరు సీమ నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఇంకొన్నాళ్ళు ఉంది. ఆయన కొలువులోని ఫ్రెంచి సిపాయిలు ఇంగ్లీషువాళ్ళకి కంట్లో నలుసు. 1788లో అదీ కంపెనీ చేతికి పోయింది. హైదరాబాద్‌లో మొస్సే రేమాన్ అనే ఫ్రెంచి దొర ఫౌజు 1798 దాకా నిలిచింది. అతని పేరు జనం నోట మన వాళ్ళకి మూసా రహీం, హిందువులకి మూసా రామ్ అయింది. మూసారాంబాగ్ వెళ్ళే బస్సెక్కేవాళ్ళలో ఎందరికి తెలుసో.

ఇది తుపాకుల కథ. తుపాకి లేని ఫ్రెంచి కథ కూడా ఒకటి ఈ నేలకి సంబంధించినదే ఉంది. నల్లపాడులో లొయోలా పబ్లిక్ స్కూలు ఉందిగా, దాన్ని నడిపే జెసూట్ పాదర్లది పారిస్‌లో మొదలైన సంఘం. 1534లో పారిస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లొయోలా, అతని సాథీలు మోంమార్త్ర్ గుట్ట మీద ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంఘంలోని ఫ్రెంచి పాదర్లు పద్దెనిమిదో సదీ మొదట్లో తెలుగు సీమలోకి వచ్చి కర్ణాటక మిషన్ అని పేరు పెట్టుకుని పనిచేశారు. వాళ్ళలో కూర్దూ అనే ఆయన 1732లో ఇండియాకి వచ్చి తెలుగు, సంస్కృతం నేర్చుకున్నాడు, తెలుగు–సంస్కృతం–ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. 1767లో పుదుచ్చేరి నుంచి పారిస్ పండితులకి ఒక ఖత్ రాశాడు. సంస్కృతం, లాటిన్, గ్రీకు మాటలు పక్కపక్కన పెట్టి, ఇవి అక్కచెల్లెళ్ళ లాంటి భాషలని చూపించాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట అనడానికి ఇంకా 19 ఏళ్ళుంది. కానీ ఆ ఖత్ అచ్చవడానికి 40 ఏళ్ళు పట్టింది, పేరు జోన్స్‌కి వెళ్ళింది. తెలుగు బాగా వచ్చిన ఒక ఫ్రెంచివాడికి ఇలాంటి ఖయాల్ రావడం నాకు వింతగా తోచదు. అవతలి జబాన్ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయినవాడికి ఇది కనబడదు, లోపల కాపురం పెట్టినవాడికే కనబడుతుంది.

తర్వాత కాలం గుంటూరుకి ఇంగ్లీషు కాలం. 1842లో హేయర్ దొర వచ్చి లూథరన్ మిషన్ పెట్టాడు, బళ్ళు వచ్చాయి, 1885లో ఇప్పటి ఏసీ కాలేజీకి పునాది పడింది. అప్పటికే కచేరీల నుంచి ఫార్సీ వెళ్ళిపోయింది. మున్షీల ఇళ్ళలో ఫార్సీ పుస్తకాలు చెదలకి ఖురాక్ అయ్యాయి. ఫ్రెంచి మటుకు కోరంగి పక్కన యానాంలో చిన్న దీపంలా మిగిలింది. 1954లో అదీ ఇండియాలో కలిసింది, 1962లో ఆ కలయిక చట్టబద్ధమైంది. యానాంలో ఫ్రాన్సు పౌరసత్వం ఉన్న తెలుగు కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి. పుదుచ్చేరిలో 1826లో మొదలైన లిసే ఇప్పటికీ ఫ్రెంచి పద్ధతిలో పాఠం చెబుతోంది.

ఇక హైదరాబాద్. 1917లో ఏడో నిజాం ఫర్మానా ఇచ్చాడు, 1919లో ఉస్మానియాలో క్లాసులు మొదలయ్యాయి. పాఠం ఉర్దూలో, ఇంగ్లీషు అందరికీ లాజిమీ. దారుత్తర్జుమా అని అనువాదాల దఫ్తర్ పెట్టి సైన్సు, కానూను, తారీఖ్ పుస్తకాలన్నీ ఉర్దూలోకి దింపారు. తెలుగు పిల్లలకి అది అన్యాయమే చేసింది, ఆ మాట దాచను. రియాసత్ జనాభాలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్ళ జబాన్‌కి ఆ పెద్ద చదువులో పీట వేయలేదు. నా భాంజీ ఫారంలో ఉర్దూ లేదని నేను బాధపడుతున్నట్టే, ఆ రోజుల్లో ఒక తెలంగాణ రైతు కొడుకు బాధపడి ఉంటాడు. ఆ ఐబు పక్కన పెట్టి చూస్తే, రెండు జబాన్ల చదువు అనేదాన్ని ఈ గడ్డ మీద సీరియస్‌గా చేసి చూసింది ఉస్మానియానే.

ఆ చదువు నుంచి వచ్చినవాడే ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉర్దూ, అరబ్బీ, ఫార్సీ ఇంటివి. ఉస్మానియాలో కానూను చదివి, జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరేటు, 1935లో పారిస్ సోర్బాన్‌లో ఇంకొకటి తీసుకున్నాడు. ఆ రెండోదాంట్లో ప్రవక్త, ఖులఫాయె రాషిదీన్ కాలంలో రాజ్యాల మధ్య నడిచిన ఉత్తరాలు, ఒప్పందాలు వెలికితీసి, ఫ్రెంచిలో పెట్టాడు. తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు. 1948లో రియాసత్ పోయింది. అప్పుడు ఆయన బయట ముల్కులో ఉన్నాడు, మళ్ళీ హైదరాబాద్‌లో కాపురం పెట్టలేదు. ఏ దేశపు పౌరుడూ కాకుండా పారిస్‌లో ఉండిపోయాడు. 1959లో కురాన్ షరీఫ్ ఫ్రెంచి తర్జుమా తెచ్చాడు. అదే ఏడు ప్రవక్త జీవితం ఫ్రెంచిలో రెండు జిల్దులుగా వచ్చింది. అల్జీరియా, మొరాకో, సెనెగల్ నుంచి ఫ్రాన్సుకి కూలికెళ్ళినవాళ్ళ పిల్లల్లో అరబ్బీ రానివాళ్ళకి తమ కితాబ్ అర్థమైంది ఒక హైదరాబాదీ రాసిన ఫ్రెంచిలో.

ఇక్కడే నా మాట. హైదర్ జంగ్ గానీ, హమీదుల్లా గానీ ఫ్రెంచి కోసం తమ జబాన్ వదిలి వెళ్ళలేదు. ఫార్సీ గట్టిగా ఉండబట్టే బుస్సీకి అబ్దుర్రహ్మాన్ అక్కరకొచ్చాడు. అరబ్బీ, ఉర్దూ గట్టిగా ఉండబట్టే సోర్బాన్‌కి హమీదుల్లా ఇవ్వగలిగింది ఉంది. కూర్దూ కూడా ఫ్రెంచి మీద నిలబడే తెలుగు అందుకున్నాడు. ఇంట్లో జబాన్ తీసేసి ఆ ఖాళీలో ఫ్రెంచి పెడితే ఒక సబ్జెక్టు వస్తుంది, దుబాసీ రాడు. భాంజీ ఫ్రెంచి తీసుకుంది, తీసుకోమని నేనే చెప్పా. జుమా రోజు సాయంత్రం మా దగ్గర ఉర్దూ కూర్చోవాలన్నది షర్తు. ఆపా ఒప్పుకుంది. పిల్ల ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

హమీదుల్లా 1996 దాకా పారిస్‌లో ఉన్నాడు. తర్వాత అమెరికా వెళ్ళి 2002లో అక్కడే ఇంతిఖాల్ అయ్యాడు. ఫ్రాన్సు చేరి 30 ఏళ్ళు దాటాక, 1980లో, బహావల్‌పూర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రసంగాలకి పిలిచారు. పన్నెండు ఖుత్బాలు ఇచ్చాడు. కురాన్ తారీఖ్, హదీస్ తారీఖ్, కానూను, తాలీమ్, అన్నీ ఉర్దూలోనే. 'ఖుత్బాతె బహావల్‌పూర్' అన్న పేరుతో అవి పుస్తకంగా వచ్చాయి, ఇప్పటికీ అమ్ముడవుతోంది.