లైమ్‌లైట్: ఒక సున్నపు ముక్క కథ

బసంత్‌నగర్‌లో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు మా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, ప్రసంగంలో లైమ్‌లైట్ అన్నారు. లైమ్ అంటే నిమ్మకాయ కదా! నిమ్మకాయకూ వెలుగుకూ ఏం సంబంధం?" అని అడిగాడు. నవ్వి పంపించేయదగ్గ ప్రశ్న కాదది. అతను నిలబడి అడిగిన చోటికి దగ్గరలోనే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, దానికి రాయినిచ్చే క్వారీ ఉంది. వాళ్ల నాన్న పనిచేసేది ఆ క్వారీలోనే. అతను వెతుకుతున్న జవాబు నాన్న బట్టల మీద దుమ్మై రోజూ ఇంటికి వస్తూనే ఉందన్నమాట.

ఆ లైమ్ నిమ్మ కాదు, సున్నం. ఇంగ్లీషులో రెండు వేర్వేరు మాటలు ఒకే అక్షరాలతో ఉన్నాయి. పండు పేరు అరబ్బీ, పారసీ దారిలో వచ్చింది. సున్నం పేరు పాత ఇంగ్లీషుది. మొదట్లో దానికి అర్థం జిగురు. పిట్టలను పట్టడానికి కొమ్మలకు పూసే బంకను కూడా ఆ మాటతోనే పిలిచేవారు. రాళ్లను అతికించే గచ్చుకు అదే పేరు వచ్చింది, తరువాత ఆ గచ్చులోని సున్నానికి నిలిచిపోయింది.

సున్నం సంగతి ఈ ప్రాంతం పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. సున్నపు రాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే లోపలి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు చల్లితే సలసల కాగి తడి సున్నం అవుతుంది. గోడకు కొట్టేదీ, ఆకుకు రాసేదీ అదే. సిమెంటు కిల్న్‌లో ఆ రాయినే మట్టి ఖనిజాలతో కలిపి 1450 డిగ్రీల దాకా తీసుకెళ్తే క్లింకర్ వస్తుంది. అయితే శుద్ధమైన పొడి సున్నానికి ఇంకో గుణం ఉంది. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపి మండించిన మంటను దాని మీదికి ఊదితే అది కాలిపోదు. దాదాపు 2600 డిగ్రీల దాకా కరగదు కూడా. కళ్లు చెదిరే తెల్లటి వెలుగుతో ప్రకాశిస్తుంది. లైమ్‌లైట్ అంటే ఇదే: సున్నపు వెలుగు.

దీన్ని కనిపెట్టింది నాటకాల వాళ్లు కాదు. 1820లలో ఇంగ్లండుకు చెందిన గోల్డ్స్‌వర్తీ గర్నీ అనే వైద్యుడు ఆ రెండు వాయువుల మంటతో ప్రయోగాలు చేశాడు. బొగ్గు గనుల వాళ్లు గుర్తుంచుకోదగ్గ మనిషి ఆయన. తరువాతి కాలంలో స్కాట్లండులోని క్లాక్‌మానన్ వద్ద ఏళ్ల తరబడి రగులుతున్న గనిలోకి ఊపిరాడనివ్వని వాయువును ఎక్కించి ఆ మంటను ఆర్పించాడు. ఇక సున్నపు దీపాన్ని పనిలో పెట్టినవాడు థామస్ డ్రమ్మండ్ అనే సైనిక ఇంజనీరు. ఐర్లండు దేశపటం గీయడానికి దూరపు కొండల మధ్య కొలతలు తీయాలి, పొగమంచులో ఏ దీపమూ కనబడేది కాదు. 1825లో ఒక కొండ మీద ఈ దీపం వెలిగిస్తే వంద కిలోమీటర్లకు పైగా దూరంలో బెల్ఫాస్ట్ దగ్గరి మరో కొండ మీదివాళ్లకు కనబడింది. మనవైపు లెక్కలో చెప్పాలంటే బసంత్‌నగర్‌లో వెలిగిస్తే హనుమకొండ దాటాక కూడా కనబడినట్టు. డ్రమ్మండ్ 42 ఏళ్లకే, 1840లో చనిపోయాడు. తన దీపం పేరు కీర్తికి మారుపేరవుతుందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాలలోకి ఈ దీపం 1837లో వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా అక్కడ గ్యాసు దీపాలున్నాయి. కానీ అవి వేదికనంతా ఒకేలా వెలిగించేవి. సున్నపు దీపాన్ని అద్దం గుండా ఒక్క మనిషి మీదికి గురిపెట్టవచ్చు. ఆ మనిషి నడిస్తే వెలుగూ వెంట నడుస్తుంది. చూసేవాళ్ల కళ్లు ఎటు తిరగాలో దీపమే నిర్ణయించడం అప్పటినుంచి మొదలైంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ దీపం దానంతట అది వెలిగేది కాదు. ఒక్కో దీపానికి ఒక్కో మనిషి కావాలి. మంట తగిలిన చోట సున్నం గుంట పడిపోతుంది కాబట్టి ఆ ముక్కను కాస్త కాస్త తిప్పుతూ ఉండాలి, రెండు వాయువుల పాళ్లు సరిచూడాలి, నటుడి వెంట దీపాన్ని మళ్లించాలి. వాయువులు పెద్ద సంచుల్లో ఉండేవి. వాటిని పలకల మధ్య పెట్టి, పైన బరువులు ఎత్తి నొక్కేవారు. ఒత్తిడి తప్పి ఒక వాయువు రెండో సంచిలోకి వెనక్కు పోతే పేలుడే. ఈ ప్రమాదమంతా చీకట్లో నిలబడి ఎవరో ఒకరు భరిస్తేనే, ముందు నిలబడిన నటుడి ముఖం వెలిగేది.

1881లో లండన్‌లోని సవాయ్ నాటకశాల విద్యుద్దీపాలకు మారింది. మిగతావి ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. సున్నపు దీపం పోయింది, పేరు మాత్రం పోలేదు. 19వ శతాబ్దం చివరికల్లా 'లైమ్‌లైట్‌లో ఉండడం' అంటే అందరి కళ్లలో పడడమని అర్థం స్థిరపడింది. 1952లో చార్లీ చాప్లిన్ ఒక ముసలి హాస్యనటుడి కథకు ఆ పేరే పెట్టాడు. మాట ఇలా మారుతూ వచ్చినప్పుడు వెలుగు పడినవాడు అందులో మిగిలాడు, సున్నమూ దాన్ని తిప్పినవాడూ జారిపోయారు.

ఈ మాటకు క్రైస్తవ చరిత్రలోనూ ఒక పేజీ ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో రక్షణ సైన్యం వారు 1890ల మొదట్లో ఒక విభాగం నెలకొల్పి దానికి లైమ్‌లైట్ డిపార్ట్‌మెంట్ అనే పేరు పెట్టారు. సున్నపు దీపంతో తెర మీద బొమ్మలు చూపి సువార్త చెప్పడం వారి పని. జోసెఫ్ పెర్రీ అనే అధికారి దాన్ని నడిపాడు. 1900 సెప్టెంబరు 13న మెల్బోర్న్ టౌన్‌హాల్లో 'సోల్జర్స్ ఆఫ్ ది క్రాస్' పేరుతో సుమారు రెండు వందల గాజు పలకల బొమ్మలనూ చిన్న చిన్న చలనచిత్రాలనూ కలిపి ఆది సంఘపు హతసాక్షుల కథ చూపించారు. 1910లో ఆ విభాగం మూతపడింది. వారికి ఆ పేరులో గొప్పా లేదు, సిగ్గూ లేదు. అది వారు వాడే పనిముట్టు పేరు, అంతే.

తెలుగు రంగస్థలానికి ఇలాంటి మాట ఎందుకు పుట్టలేదు? మనకు వెలుగు లేక కాదు. కూచిపూడి భాగవతులు పాత్ర ప్రవేశించే వేళ దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమన్న ఆ మంటలో పాత్ర ముఖం కనబడేది. సున్నపు దీపం చేసిన పనే అది. కానీ మన నుడికారంలో మిగిలింది దివిటీ కాదు, తెర. ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక నుంచి పాత్ర రావడం మనకు అలవాటు. అందుకే 'తెరమీదికి వచ్చాడు', 'తెరమరుగయ్యాడు', 'తెర వెనుక ఉన్నదెవరు' అంటాము. 'వెలుగులోకి వచ్చింది' అంటే మాత్రం మన పత్రికల్లో ఎక్కువగా ఏదో కుంభకోణమే!

దివిటీ పట్టే పని చాలా ఊళ్లలో రజకులది. కూలి అడగడానికి వీలులేని వెట్టిగా వారి మీద పెట్టిన పని అది. దివిటీ తరువాత పెట్రోమాక్స్ వచ్చింది. పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన ఆ దీపం పెట్టుకుని నడిచినవాళ్లు మా తరానికి బాగా గుర్తు. ఆ దీపంలోని తెల్లటి వల కూడా సున్నపు దీపానికి చుట్టమే. అందులో ఉండేది థోరియం ఆక్సైడ్. అదీ అంతే, కాలిపోకుండా వేడికి వెలుగుతుంది. పెళ్లికొడుకు ముఖం ఫోటోలో పడేది. దీపం మోసినవాడు ఫోటో అంచున సగం తెగి ఉండేవాడు.

నటనకు సంబంధించిన మాటే ఇంకొకటి మన బైబిల్లో ఉంది. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ప్రభువు గద్దించినవారికి గ్రీకులో వాడిన మాటకు రంగస్థల నటుడని అర్థం. తెలుగు అనువాదకులు దాన్ని 'వేషధారి' అన్నారు, ఎంతో సరిగ్గా. అక్కడే సున్నం వేసిన సమాధుల పోలిక కూడా ఉంది. నటుడూ సున్నమూ ఒకే చోట! ఇది కేవలం కాకతాళీయం, దీని మీద సిద్ధాంతమేమీ కట్టడం లేదు. అయితే ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. వేషం వేసుకునేవాడు తానే వేసుకుంటాడు. లైమ్‌లైట్ అలా కాదు, దాన్ని ఇంకొకరు తిప్పాలి.

సంఘాల్లో ఇప్పుడు ఈ మాట నింద అయింది. బాగా పాడే అమ్మాయిని, ప్రసంగం చేయగలిగిన కుర్రవాణ్ణి "లైమ్‌లైట్ కోసం పాకులాడుతున్నారు" అంటున్నారు. ఆ మాట వల్ల పాట మానేసినవాళ్లను మేము ఎరుగుదుము. వారిని మైకు ముందు నిలబెట్టిందెవరు? కెమెరా వారి వైపు తిప్పిందెవరు? పోస్టరు మీద ఎవరి ముఖం ఎంత పెద్దదిగా వేయాలో తేల్చిందెవరు? నటుడి చేతిలో దీపం ఉండేది కాదు. ఈ పత్రిక కూడా ఆ దీపం పట్టినవాళ్లలో ఒకటి. కన్వెన్షన్ వార్త వేసిన ప్రతిసారీ ప్రసంగీకుని ఫోటో వేశాము. రాత్రంతా జనరేటరు దగ్గర మేలుకున్న సహోదరుడి ఫోటో ఒక్కసారీ వేయలేదు.

ఇదంతా చెప్పాక ఆ అబ్బాయి ఇంకో ప్రశ్న వేశాడు. "మరి ఆ సున్నం తిప్పేవాణ్ణి ఏమని పిలిచేవారు అయ్యగారూ?" లైమ్‌లైట్ మనిషి అనేవారు. బ్రిటిష్ నాటకశాలల్లో నటుడి వెంట తిరిగే దీపాన్నీ, దాన్ని నడిపే మనిషినీ లైమ్ అనే అలవాటు నేటికీ ఉంది. ఆ దీపంలో సున్నం లేక వందేళ్లు దాటింది.