గుర్రం తోక చెప్పే సాక్ష్యం

పోయిన పెళ్లిళ్ల సీజన్లో ఓ రాత్రి మాదాపూర్లో బరాత్ అడ్డమొచ్చి మా క్యాబ్ ఇరవై నిమిషాలు ఆగిపోయింది. పెళ్లికొడుకుని మోస్తున్న తెల్లగుర్రం సరిగ్గా మా కిటికీ పక్కనే నిలబడింది. "ఒళ్లంతా తెలుపు, మూతి మాత్రం నలుపు. ఏంట్రా ఇది?" అన్నాడు మా టీంలో టెస్టర్. వాడికి ఎక్కడికెళ్లినా బగ్ కనబడాల్సిందే :)

నాకేమో కద్రువ, వినత గుర్తొచ్చారు. ఆదిపర్వం కథ మీకు తెలిసిందే. ఉచ్చైశ్రవం తోక నలుపని కద్రువ, కాదు మొత్తం తెలుపేనని వినత. ఓడినవాళ్లు రెండోవాళ్లకి దాసి. పొద్దుపోయింది, రేపు చూద్దాం అనుకున్నారు. ఈలోగా కర్కోటకుడు వెళ్లి తోకని చుట్టుకుని వేలాడాడు. మన భాషలో చెప్పాలంటే, ఆడిట్‌కి ముందు రాత్రి ప్రొడక్షన్ డేటా మార్చేశారన్నమాట. వినత దూరం నుంచి చూసింది, నమ్మింది, దాసి అయిపోయింది.

తోక సాక్ష్యం చరిత్రలో కూడా ఉంది. సాళువ నరసింహరాయలు (1485-91) గుర్రాలు చచ్చినా బతికినా కొనేవాడని, వెయ్యి పర్దావులకి మూడు చొప్పున తీసుకునేవాడని, సముద్రంలో చచ్చినవాటికి తోక తెచ్చి చూపిస్తే చాలు డబ్బులిచ్చేవాడని నూనిజ్ రాశాడు. ఈయన 1535 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. ఓడలో గుర్రం చస్తే నష్టం రాజుది, కాబట్టి వ్యాపారి ధైర్యంగా తెస్తాడు. ఇన్సూరెన్స్ లాంటిదే. కానీ మొత్తం సిస్టం ఒక్క తోకని నమ్ముకుని నడిచింది చూడండి.

అసలు గొడవ 1905 డిసెంబరులో లండన్ రాయల్ సొసైటీలో జరిగింది. మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చి అప్పటికి ఐదేళ్లే. హర్స్ట్ అనే ఆయన రేసుగుర్రాల వంశావళి పుస్తకాలు తిరగేసి ఒక రూల్ చెప్పాడు: తల్లీ తండ్రీ ఇద్దరూ చెస్ట్‌నట్ (జూలుతో సహా ఎరుపు) అయితే పిల్ల కూడా చెస్ట్‌నటే. రికార్డులన్నీ దాదాపు ఒప్పుకున్నాయి. ఒక శాతం లోపు మాత్రం తేడా వచ్చాయి. అవి రాసుకోవడంలో పొరపాట్లు అన్నాడు హర్స్ట్.

ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ వెల్డన్ ఒప్పుకోలేదు. నీ రూల్‌కి సరిపోని రికార్డుని తప్పంటావా, అయితే రూల్ ఎప్పటికీ తప్పవదు కదా అని ఆయన బాధ. ఆ పుస్తకాలని రోమ్ దాకా మోసుకెళ్లి మరీ లెక్కలు కట్టాడు. ఆ పని మధ్యలోనే న్యుమోనియాతో 1906 ఏప్రిల్లో పోయాడు. వయసు 46.

చివరికి హర్స్టే కరెక్ట్. 1996లో స్వీడన్ పరిశోధకులు కారణం పట్టుకున్నారు. ఎంసీ1ఆర్ అనే జీన్‌లో ఒక్క అక్షరం, సి బదులు టి. రెండు కాపీలూ అలా ఉంటే బొచ్చులో నల్లరంగు తయారవదు. చెస్ట్‌నట్ దగ్గర పనిచేసే కాపీ అసలు లేదు, లేనిది పిల్లకెలా ఇస్తుంది? పైగా గుర్రప్పిల్లలకి పుట్టినప్పటి బొచ్చు రాలి రంగు మారుతుంది. రిజిస్టర్లో పొరపాట్లు పడటంలో వింతేం లేదు.

అయినా నాకు వెల్డన్ అంటేనే ఎక్కువ గౌరవం. ఎందుకంటే కిందటేడు ఒక రిపోర్టులో సరిపోని రికార్డులు కొన్ని నేను కూడా 'బ్యాడ్ డేటా' అని పక్కన పడేశాను. తప్పు డేటాది కాదు, నా కోడ్‌ది. హర్స్ట్ రూల్ నిజమైంది, నా రూల్ కాలేదు. కానీ రికార్డులు పడేసిన రోజున ఇద్దరి నమ్మకం ఒకలాంటిదే!

ఇక మన బరాత్ గుర్రం. మూతి నలుపు కాబట్టి అది దాదాపు ఖాయంగా 'గ్రే'. అలాంటివి నల్లగానో ఎర్రగానో పుట్టి ఏటేటా బొచ్చు నెరిసి తెల్లబడతాయి, చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. ఎస్‌టీఎక్స్17 అనే జీన్‌లో 4,600 అక్షరాల ముక్క రెండుసార్లు కాపీ అవడమే కారణమని 2008లో తేలింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. ఆ తెలుపుకి ఖరీదు కూడా ఉందండోయ్. పదిహేనేళ్లు దాటిన గ్రే గుర్రాల్లో డెబ్భై శాతానికి పైగా మెలనోమా గడ్డలు వస్తాయి.

అంటే మనం తెల్లగుర్రం అనుకునేది పుట్టుకతో తెల్లది కాదు. ఆ సంగతి పట్టించింది మా టెస్టర్ చూసిన నల్లమూతి, మనమైతే డేటా ఎర్రర్ అని వదిలేసేది. వినత కూడా ఇంకో నాలుగడుగులు ముందుకెళ్లి ఆ తోక పట్టుకుని చూసుంటే ఎలా ఉండేదంటారు?