డంబెల్‌లో డంబ్ ఎందుకుంది?

సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో నా నోట్లో ఎప్పుడూ ఆడే మాట "డంబ్". ఒకసారి టీమ్ చాట్‌లో "ఇదేం డంబ్ బగ్ రా" అని కొట్టాను. మా టీమ్‌లో చెవులు వినిపించని ఒకతను ఉండేవాడు. నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: "బ్రో, నా స్కూల్ సర్టిఫికెట్‌లో 'డెఫ్ అండ్ డంబ్' అని ఉంటుంది. నువ్వు ఏ డంబ్ అంటున్నావ్?"

ఆ రాత్రి కూర్చుని వెతికాను. పాత ఇంగ్లీషులో డంబ్ అంటే మూగ. అంతే, తెలివితో లింకు లేదు. జిమ్‌లో డంబెల్ ఉంది కదా, అది నిజంగా "మూగ గంట". చర్చి గంట తాడు లాగితే ఒళ్లు బాగా అలుస్తుంది. గంట లేకుండా, మోత లేకుండా అదే కసరత్తు ఇచ్చే సాధనానికి ఆ పేరొచ్చింది. 1711లోనే జోసెఫ్ అడిసన్ అనే రచయిత రోజూ పొద్దున్నే తన గదిలో దాంతో కసరత్తు చేస్తానని రాశాడు. గంట పోయింది, పేరు మిగిలింది.

మరి "తెలివితక్కువ" ఎక్కడిది? జర్మన్‌లో "డుమ్" అంటే మొద్దు. 19వ శతాబ్దంలో అమెరికాకి జర్మన్లు బాగా వలసొచ్చారు, ఆ అర్థం కూడా వాళ్లతో పాటు ఇంగ్లీషులో బలపడింది. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ కానిదాన్ని డంబ్‌ఫోన్ అంటున్నాం. మాట్లాడటం తప్ప ఇంకేం చేయని ఫోన్‌ని మూగ అనడం, కామెడీ కాదా!

కామెడీ కానిది కూడా ఉంది. 1880లో మిలాన్‌లో బధిరుల చదువు గురించి పెద్ద సభ జరిగింది. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. సైగలకంటే నోటిమాటే గొప్పదని తీర్మానించారు. తర్వాత ఎన్నో స్కూళ్లలో సైగభాష బంద్. సైగ చేస్తే చేతుల మీద కొట్టారు. ఆ తీర్మానాలు తప్పని అదే సభల వరుసలో ఒప్పుకున్నది 2010లో, వాంకూవర్‌లో. 130 ఏళ్లు! దీనికి ఒక్క మాటే కారణమని నేను అనను. కానీ గొంతు లేకపోతే బుర్ర లేనట్టే అన్న లెక్క రెండుచోట్లా ఒకటే.

తెలుగులో మూగప్రేమ, మూగవేదన, మూగజీవాలు అంటాం. 1964లో "మూగమనసులు" సినిమా వచ్చింది. ఎక్కడా తెలివితక్కువతనం లేదు, జాలి, ప్రేమ ఉన్నాయి. కాలర్ ఎగరేద్దామనుకున్నాను. అప్పుడే "చెవిటి మాలోకం" గుర్తొచ్చింది. మా ఇంట్లో నన్నే ఎన్నిసార్లు తిట్టారో.

ఆ మెసేజ్ ఎడిట్ చేసి "మొద్దు బగ్" అని పెట్టాను. అతను నవ్వుతున్న ఎమోజీ పంపి, బగ్ ఏ లైన్‌లో ఉందో కూడా చెప్పాడు.