కొడవలి, బ్లేడు, 108

పుట్టిన వారానికల్లా బిడ్డ పాలు తాగడం మానేసేది. దవడలు బిగుసుకుపోయేవి. ముట్టుకుంటే చాలు, ఒళ్లంతా విల్లులా వంగేది. పక్షి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు. నిజానికి అది ధనుర్వాతం. బొడ్డు కోసిన కొడవలితోనో, బొడ్డుకద్దిన పేడతోనో వచ్చేది.

నేను ఏఎన్‌ఎంగా తిరిగిన కడప జిల్లా చక్రాయపేట పల్లెల్లో పాతకాలం నాటి ఆ చావులకు లెక్కల్లేవు. జనన మరణాలు రాయించాలని 1969లోనే చట్టమొచ్చింది గానీ, పేరు కూడా పెట్టని పసిగుడ్డు పోతే రాయించేదెవరు? మన పాత తరాల్లో పెంటయ్యలు, పుల్లయ్యలు, భిక్షమ్మలు అంతమంది ఎందుకున్నారో చూడండి. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో మళ్లీ కాన్పయితే, ఆ బిడ్డను చాటలో పెట్టి పెంటదిబ్బ మీద ఉంచి, ఎవరో పారేస్తే తెచ్చుకున్నట్టు ఇంటికి తెచ్చుకునేవాళ్లు. అట్లయినా బతుకుతుందని.

తప్పంతా మంత్రసానులదే అనే మాట చాలాసార్లు విన్నాను. నేనొప్పుకోను. కడుపు తడిమి బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పగలిగిన చేతులవి. శిక్షణ ఇచ్చి సబ్బు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం ఉన్న కిట్టు ఇస్తే, ఒక అవ్వ మోచేతుల దాకా చేతులు రుద్దుకుంటూ, "నా కొడవలి పదును పోలేదు కదా నర్సమ్మా, బ్లేడెందుకు?" అనింది. "పదునుకు కాదవ్వా, దానికంటిన మన్నుకు భయపడేది" అన్నాను. ఆ తర్వాత కిట్టు అయిపోతే తానే వచ్చి అడిగి తీసుకుపోయేది.

చూలాళ్లకు మేం టీటీ సూదులు వేసుకుంటూ పోయాం. 2003లో పసికందుల ధనుర్వాతాన్ని తొలగించిన మొదటి రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. దేశం మొత్తానికి అది 2015లో గానీ రాలేదు. ఆ ఘనతలో మంత్రసానులకు రావాల్సిన వాటా ఎవరూ ఇవ్వలేదు, అదే నా బాధ.

తల్లుల చావులు మాత్రం బ్లేడుతో ఆగేవి కావు. మావి పడక, రక్తం ఆగక, గుర్రపువాతం వచ్చి పోయేవాళ్లు. మంచం మీద మోసుకొచ్చి, వేంపల్లికో రాయచోటికో బండి దొరికేదాకా రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చేది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మా పక్క పులివెందుల మనిషే. ఆ ఏడే జననీ సురక్ష పథకం, మరుసటేడు కడపలో రిమ్స్ వచ్చాయి. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు 195 మంది తల్లులు పోతుంటే, 2018-20 నాటికి ఆ సంఖ్య 45కు దిగింది.

ఆ సంఖ్య ఇంకా తగ్గాలంటే ఒంట్లో రక్తం ఎంతుందో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో పదిమంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తహీనత. ఏడు గ్రాముల హిమోగ్లోబిన్‌తో నొప్పులకొచ్చిన పిల్లకు కాస్త రక్తం పోయినా ప్రాణం మీదికొస్తుంది. కడుపులో తిప్పుతుందని ఐరన్ మాత్రలు దూలం సందులో దోపేస్తారు. రాత్రి సంగటి తిన్నాక వేసుకోమని, టీతో మింగొద్దని అత్తకు, కోడలికి ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పాలి. నెలాఖరున పోయి ఖాళీ పట్టీ చూపించమని అడగాలి.