ఈల మ్రోగని క్షణము: పెనాల్టీ చరిత్ర

మార్కాపురపు పలక తరతరాల తెలుగు విద్యార్థులకు పరిచితము. దానిమీద లెక్క తప్పినచో తడిగుడ్డతో తుడిచి మరల వ్రాసికొనవచ్చును. ఆ పలకల గనులకు చేరువనున్న పాఠశాలల మైదానాలలో ఫుట్ బాల్ ఆడునపుడు మాత్రము ఈ సౌకర్యము లేదు. డ్రిల్లు మాస్టరు ఈల ఊదినచో ఫౌల్, ఊదనిచో ఆట సాగినట్లే. గోలు ముందరి గుంపులో ఎవరి చేయి బంతికి తగిలినదో ఆయన చూడలేకపోయినచో, చూచిన ఇరువదిమంది కేకలు వేసినను లాభము లేదు. గిద్దలూరు పిల్లలు ఈ విషయమై పడు తగవు, ప్రపంచ కప్పు ఫైనలులో పెద్దలు పడిన తగవు ఒకే జాతికి చెందినవి. ఒక్క మనిషి కంటికి ఎంత భారము మోపవచ్చునన్నదే ఈ రెండింటిలోని ప్రశ్న.

మొదట ఈ ఆటకు తీర్పరియే లేడు. 1863లో లండనులో నియమములు వ్రాసినవారు రిఫరీ మాటే ఎత్తలేదు. తగవు వచ్చినచో పెద్దమనుషులు తమలో తామే తేల్చుకొందురని వారి నమ్మకము. తరువాత జట్టునకు ఒకరు చొప్పున ఇద్దరు అంపైర్లు వచ్చినారు. ఆ ఇద్దరికి పొత్తు కుదరనపుడు అడుగుటకై మైదానము అంచున నిలిపిన మూడవ మనిషియే రిఫరీ. ఎవరైనను అడిగిననే ఆయన నోరు విప్పవలెను.

1885లో ఇంగ్లండులో జీతము పుచ్చుకొని ఆడుటకు అనుమతి లభించినది. గెలుపోటములకు కూలి ముడిపడినపుడు పెద్దమనిషితనము ఎంతకాలము నిలుచును? గోలులోనికి పోవుచున్న బంతిని గోల్ కీపరు కాని ఆటగాడు చేతితో ఆపినను, ఎదిరి జట్టుకు దక్కునది మామూలు ఫ్రీ కిక్కు మాత్రమే. అనగా తప్పు చేయుటయే లాభసాటి. ఐర్లండులోని మిల్ఫర్డ్ గ్రామవాసి విలియం మెక్రమ్ స్వయముగా గోల్ కీపరు. ఈ అన్యాయమును గోలు ముందర నిలిచి చూచినవాడు. అట్టి తప్పునకు గోల్ కీపరు ఒక్కడే అడ్డముండగా బంతిని తన్నుటకు అవకాశమీయవలెనని ఆయన ప్రతిపాదించినాడు. మర్యాదస్థుడు బుద్ధిపూర్వకముగా తప్పు చేయునని అనుటయే అవమానమని చాలమంది మండిపడినారు. ఇంతలో 1891 ఫిబ్రవరిలో స్టోక్, నాట్స్ కౌంటీ జట్ల కప్పు పోటీలో ఒక నాట్స్ ఆటగాడు గోలుగీత మీద బంతిని చేతితో ఆపినాడు. గీతకు అతి సమీపమున ఇచ్చిన ఫ్రీ కిక్కును గోల్ కీపరు సులభముగా అడ్డుకొనెను. స్టోక్ ఓడిపోయినది. ఆ సంవత్సరము జూన్ 2న పెనాల్టీ నియమము అంగీకరింపబడినది. అప్పుడే రిఫరీ అంచు విడిచి మైదానము లోపలికి వచ్చినాడు. అంపైర్లు గీతల కాపలాదారులైనారు. మొదట గోలుకు 12 గజముల దూరమున నున్న గీతపై ఎక్కడనుండియైనను బంతిని తన్నవచ్చును. నేడు మనమెరిగిన చుక్క 1902లో వచ్చినది.

అపరాధమునకు తగిన శిక్ష ఈ విధముగా దొరికినది. కాని పెనాల్టీలలో సుమారు నాలుగింట మూడు గోలులగును. కనుక ఒక్క ఈలకు దాదాపు ఒక గోలు వెల. ఈలను ఊదుట, ఊదకుండుట అంత బరువైన పనియైన తరువాత, ఊదువాని కన్ను ఎంతవరకు నమ్మదగినదను ప్రశ్న తప్పలేదు.

ఇచ్చట కొంచెము లెక్క వేయుట మంచిది. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు బంతి సెకనుకు సుమారు 28 మీటర్లు సాగును. కనురెప్పపాటు సెకనులో పదవ వంతునకు తక్కువ కాదు. ఆ కాలములో బంతి మూడు మీటర్లకు సమీపముగా కదలిపోవును. బంతి వ్యాసము 22 సెంటీమీటర్లు. నియమము ననుసరించి బంతి యావత్తు గీతను దాటిననే గోలు. పైకమ్మికి తగిలి క్రిందపడి వెలుపలికి ఎగిరిన బంతి గీతకు ఏవైపున నేల తాకినదో చెప్పుమన్న, చెప్పువాడు చూచినదానికంటె ఊహించినదే ఎక్కువ. 1966 ప్రపంచ కప్పు ఫైనలులో జెఫ్ హర్స్ట్ తన్నిన బంతి ఇట్లే పడినది. స్విట్జర్లండుకు చెందిన రిఫరీ డీన్స్ట్ తనకు తెలియక, గీత కాపలాదారు బహ్రమోవ్ ను అడిగి గోలు ఇచ్చినాడు. ఇంగ్లండు 4-2తో పశ్చిమ జర్మనీని గెలిచినది. ముప్పది సంవత్సరముల తరువాత ఆక్స్ ఫర్డ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు రీడ్, జిస్సర్మన్ ఆనాటి చలనచిత్రములను క్షేత్రగణితముతో పరిశీలించి, బంతి పూర్తిగా గీతను దాటలేదని తేల్చినారు.

కన్ను మంచిదైనను, అది ఉన్న చోటు మోసగించును. దీనిని ఏ పాఠశాలలోనైనను పరీక్షింపవచ్చును. మైదానముపై అడ్డముగా సున్నపు గీత గీచి, దానిమీద ఇద్దరు విద్యార్థులను ఒకనిని దగ్గరగా, ఒకనిని దూరముగా నిలుపవలెను. మూడవవాడు గీత చివర నిలిచి చూచిన ఇద్దరును సమానముగా కనిపింతురు. రెండడుగులు ప్రక్కకు జరిగి చూచినచో ఒకడు ముందున్నట్లు తోచును. ఆఫ్ సైడ్ తీర్పులలోని తప్పులకు ముఖ్యకారణము ఇదేనని నెదర్లండ్సు పరిశోధకులు 2000లో నేచర్ పత్రికలో ప్రకటించినారు. కాపలాదారుని నిజాయితీకి, దృష్టికి ఏ లోపము లేదు, లోపము కోణములోనిది.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. మనిషి ఒక్కసారి ఒక్కచోటనే శ్రద్ధగా చూడగలడు. 1982 ప్రపంచ కప్పు సెమీ ఫైనలులో జర్మను గోల్ కీపరు షూమాకర్ ఫ్రెంచి ఆటగాడు బాటిస్టన్ ను ఢీకొనగా అతడు స్మృతి తప్పి పడిపోయెను, పండ్లు ఊడినవి. రిఫరీ కోర్వర్ ఫౌల్ కూడ ఇవ్వలేదు. తన చూపు బంతి వెంట పోయినదని తరువాత ఆయన చెప్పినాడు. నమ్మదగిన మాటయే.

యంత్రముల వంతు చాల ఆలస్యముగా వచ్చినది. 2010 ప్రపంచ కప్పులో జర్మనీపై ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ తన్నిన బంతి గీతను స్పష్టముగా దాటినను గోలు దక్కలేదు. ఆ తగవు తరువాత 2012 జూలైలో గోలుగీత యంత్రములకు అనుమతి వచ్చినది. 2014 ప్రపంచ కప్పులో ఒక్కొక్క గోలుకు ఏడు కెమెరాలు గురిపెట్టినారు. 2018లో వీడియో రిఫరీ వచ్చినాడు. ఆ ప్రపంచ కప్పులో పెనాల్టీలు 29. అంతకుముందు ఏ ప్రపంచ కప్పులోను 18కి మించలేదు. ఆటగాళ్ళు హఠాత్తుగా దుర్మార్గులైనారని ఎవరును అనుకొనలేదు. మునుపు ఎన్ని తప్పులు చూపు తప్పి పోయెడివో ఆ సంఖ్యయే తెలుపును.

అయినను యంత్రమునకును హద్దులున్నవి. 2020 జూన్ లో ఆస్టన్ విల్లా గోల్ కీపరు బంతితో సహా గీత దాటినను, ఆటగాళ్ళ దేహములు ఏడు కెమెరాలకును అడ్డమై గోలు నమోదు కాలేదు. 2023 సెప్టెంబరులో టాటన్ హామ్ తో ఆడిన లివర్ పూల్ జట్టు గోలు విషయములో చిత్రము సరిగానే ఉన్నది. మైదానములో ఏ తీర్పు ఇచ్చినారో వీడియో గదిలోనివారు పొరబడి "పరిశీలన ముగిసినది" అన్నారు. న్యాయమైన గోలు పోయినది. చేయి తగిలినదా అన్నది కెమెరా చెప్పగలదు. కావలెనని తగిలించినాడా అన్నది నేటికిని మనుష్యుడే చెప్పవలెను. మెక్రమ్ నాడు పెద్దమనుషులు కోపగించినదియు ఈ ఉద్దేశమను మాటమీదనే.

భారతదేశపు ఫుట్ బాల్ చరిత్రలో హైదరాబాదు స్థానము గొప్పది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందినది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్సుకు వెళ్ళిన జట్టులో సభ్యుడు. తరువాత ఈల చేతబట్టి అంతర్జాతీయ రిఫరీయై, ఖతర్ లో జరిగిన 1988 ఆసియా కప్పు పోటీలలో తీర్పరిగా నిలిచినాడు. ఆనాడు ఆయనకు సహాయము రెండు కళ్ళు, ఒక గడియారము, గీతలపై ఇద్దరు మనుషులు. 2021లో ఆయన మరణించినాడు.

అదే ఖతర్ లో, దోహా నగరమున 2024 జూన్ 11న భారతదేశము ప్రపంచ కప్పు అర్హత పోటీ ఆడినది. ఛాంగ్తే గోలుతో భారతదేశము ముందున్నది. గెలిచిన మూడవ దశకు చేరును. 73వ నిమిషమున గోల్ కీపరు గుర్‌ప్రీత్ ఆపిన బంతి గోలుగీత వెలుపలికి దొర్లినది. ఒక ఖతర్ ఆటగాడు దానిని వెనుకకు లాగగా, యూసుఫ్ ఐమన్ గోలులోనికి తన్నెను. భారత ఆటగాళ్ళు చేతులెత్తి చూపినను దక్షిణ కొరియా రిఫరీ గోలు ఇచ్చినాడు. ఆ దశ పోటీలలో వీడియో రిఫరీ ఏర్పాటు లేదు. ఇండ్లలో కూర్చున్నవారు బంతి గీతకు ఆవల నున్న చిత్రమును క్షణములలో తమ ఫోనులలో చూచుచుండిరి. చూడవలసినవానికి మాత్రము అది అందలేదు. ఖతర్ మరియొక గోలు చేసి 2-1తో గెలిచినది. భారత సమాఖ్య ఫిర్యాదు చేసినను ఫలితము మారలేదు. అదే రోజున ఆఫ్ఘనిస్తానును ఓడించిన కువైటు మూడవ దశకు వెళ్ళినది.