పహణీ పత్రమున గడులు: బట్లహళ్ళి సీమ భూమిలెక్కల చరిత్ర

చింతామణి తాలూకాలోని బట్లహళ్ళి ప్రాంతము ఆంధ్రదేశపు సరిహద్దునకు చేరువనున్న తెలుగుసీమ. ఇచ్చటి కాపు ఇంటను పొలమునను మాటాడునది తెలుగు. అతని భూమిలెక్క మాత్రము కన్నడమున నుండును. 2007 వరకు కోలారు జిల్లాలోను, అటుపిమ్మట చిక్కబళ్ళాపుర జిల్లాలోను చేరియున్న ఈ సీమలో రైతునకు ముఖ్యాధారమైన పత్రము పహణీ. హక్కు, గేణి, పంట అను మూడు విషయములను తెలుపు ఆ పత్రమున ఏ యే గడులుండవలెను, వానిని ఎవరు నింపవలెను అనునది పైకి గుమాస్తాల పనిగా కానవచ్చును. కాని గడి లేనిచోట మనుష్యుడును లేనట్లే అగుటకు ఈ శతాబ్దముననే నిదర్శనము కలదు.

పూర్వము మైసూరు సీమలో శానుభోగులు లెక్కలను కడితములందు వ్రాసెడివారు. చింతగింజల పిండితో కలిపిన బొగ్గుపొడిని బట్టకు పట్టించి, ఆరిన పిదప మడతలుగా మడచి, బలపముతో వ్రాయుట ఆ పద్ధతి. తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయవచ్చును. కడితమున అచ్చుగీతలు లేవు. ఎచ్చట ఏమి వ్రాయవలెనో శానుభోగునకు తెలియును, అతని కుమారునకు తెలియును, తక్కినవారికి తెలియదు. పొలమునకు కొత్త బావి తవ్వినచో ఆ సంగతిని చేర్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. చేర్చిన దానిని తుడిచివేయుటకును అక్కరలేదు. కడితమును మెచ్చుకొనువారు ఈ రెండవ మాటను మరువరాదు.

1863లో మైసూరున రెవిన్యూ సర్వే ఆరంభమైనది. అప్పుడు బౌరింగు కమిషనరుగా నుండెను. బొంబాయి పద్ధతిని అనుసరించిన ఈ సర్వేతో ప్రతి పొలమునకు సంఖ్యయు, ప్రతి సంఖ్యకు విస్తీర్ణము, తరము, శిస్తు అను నియమితమైన గడులును ఏర్పడినవి. గడులు గీయు అధికారము గ్రామమునుండి కచేరికి తరలిపోయినది. వంశపారంపర్యపు శానుభోగరికము మరియొక నూరేండ్లు నిలిచి, 1961 నాటి గ్రామోద్యోగముల రద్దు చట్టము 1963 ఫిబ్రవరి 1న అమలులోనికి వచ్చుటతో ముగిసినది.

నేటి పహణీకి మూలము 1964 నాటి భూమి కందాయ చట్టము. అందు 9వ గడి యజమాని పేరు. 10వది భూమి అతనికి సంక్రమించిన విధము. 11వది ఇతరుల హక్కులు, ఋణములు. 12వది సాగుచేయువాని పేరు, పంట. ఆ చట్టపు 133వ సెక్షను ప్రకారము, అబద్ధమని ఋజువు కానంతవరకు గడిలో వ్రాసినదే నిజమని ఎంచవలెను. దీని బలము 1974లో తేటపడినది. ఆ యేడు మార్చి 1 నుండి కౌలు రద్దై, దున్నువానికే భూమి అను సవరణ అమలైనప్పుడు, భూన్యాయమండలుల యెదుట కౌలుదారునకు గట్టి సాక్ష్యము 12వ గడిలోని తన పేరే. పేరున్నవాడు పత్రము చూపెను. లేనివాడు సాక్షులను వెదకుకొనవలసి వచ్చెను.

2000 ప్రాంతమున కర్ణాటక ప్రభుత్వము ‘భూమి’ పథకము ద్వారా ఈ లెక్కలను కంప్యూటరున కెక్కించినది. 177 తాలూకాలలో సుమారు 67 లక్షల రైతులకు చెందిన రెండు కోట్ల పహణీలను, సుమారు తొమ్మిదివేలమంది గ్రామలెక్కాధికారుల చేతినుండి యంత్రమునకు మార్చిరి. 15 రూపాయలు చెల్లించినచో తాలూకా కచేరిలో అచ్చుప్రతి లభించెడిది. చేతివ్రాత ప్రతులు చెల్లవని శాసించిరి. వచ్చిన అర్జీలను వరుస తప్పక చూడవలెననియు, మార్పు చేయు ఉద్యోగి వ్రేలిముద్ర వేసి యంత్రమును తెరువవలెననియు నియమించుట మెచ్చదగినది. తుడిచినవాడెవడో కడితము చెప్పజాలకపోయెను, యంత్రము చెప్పును.

ఇట్టి గడుల యేర్పాటు వ్యాపారసంస్థల సాఫ్ట్‌వేరునందును పెద్ద విద్యగా వృద్ధిపొందినది. 1972లో స్థాపితమైన జర్మనీ దేశపు సాప్ సంస్థ తన లెక్కలపట్టికలను అందరికి ఒకే తీరున తయారుచేసి, కొనినవారు తమకు వలసిన గడులను చేర్చుకొను వీలు కల్పించినది. అట్లు చేర్చిన గడుల పేర్లు ‘జెడ్ జెడ్’ లేక ‘వై వై’ అను అక్షరములతో మొదలు కావలెను. ముందుముందు సంస్థయే చేర్చబోవు గడులతో అవి కలిసిపోకుండుటకు ఈ కట్టుబాటు. గడిని చేర్చునప్పుడు నిర్ణయింపవలసినవి పెక్కు: అందు వ్రాయునది మాటయా, సంఖ్యయా, తేదీయా, ఇచ్చిన జాబితానుండి ఎన్నుకొనవలెనా, ఖాళీగా విడువవచ్చునా, ఎవరు చూడవచ్చును, ఎవరు మార్చవచ్చును. చివరి రెండింటిని తేలికగా తీసికొనువారే ఎక్కువ. సాగుదారు గడిని తప్పక నింపవలెనని యంత్రము పట్టుబట్టి, గుమాస్తా పొలమునకు పోకుండినచో, అతడు యజమాని పేరునే రెండవమారు వ్రాసి పని ముగించును. గడి నిండును, నిజము నిండదు.

తెలంగాణమున జరిగినది ఇంకను తీవ్రమైనది. హైదరాబాదు రాజ్యపు 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులను గుర్తించెను. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని మూలప్రమాణముగా చూపబడుచున్నది. ఆ పరంపరలోని పహాణీలో పట్టాదారు గడితోపాటు అనుభవదారు గడియు నుండెడిది. 2020 అక్టోబరు 29న ఆరంభమైన ధరణిలో అనుభవదారు గడి లేకపోయెను. దానిని చెరిపినది గ్రామాధికారి బలపము కాదు. పట్టికను రూపొందించిన నిర్ణయమే రాష్ట్రమంతట ఒక్కమారుగా చెరిపినది. 2018లోనే రైతుబంధు సొమ్ము ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారునకే చెల్లింపబడి, కౌలురైతునకు అందకుండెను. ఇప్పుడు అతని పేరు వ్రాయుటకు చోటును పోయినది. ఆంధ్రప్రదేశము వేరుదారి పట్టి, 2011లో సాగుదారులకు ఋణార్హతపత్రములను, 2019 చట్టముతో యజమాని సమ్మతిపై పదునొకండు నెలల సాగుహక్కుపత్రమును ఏర్పరచినది. ఇవి పట్టాదారు లెక్కను తాకక ప్రక్కన చేర్చిన గడులవంటివి; జెడ్ జెడ్ గడులకు దగ్గరి చుట్టములనవచ్చును. 2025లో ధరణి స్థానమున భూభారతి చట్టము వచ్చినప్పుడు, పహాణీలో ఏ గడులుండవలెనను చర్చ మరల లేచినది.

బట్లహళ్ళి సీమలో 12వ గడి అచ్చుపత్రమున నిలిచియే యున్నది. 1974 తరువాత కౌలునకు చట్టమున చోటు లేకపోవుటచేత, నోటిమాటపై సాగుచేయువాని పేరు ఆ గడి కెక్కుట కష్టము. ఒకచోట ధరణి కాలమున గడియే లేకపోయెను. మరొకచోట గడి కలదు గాని అందు వ్రాయుటకు హక్కు లేదు.