మూల బీరువా, ఇంటి కొట్టము

ఇంటిలోని సామగ్రి పేర్లను పరికించినచో, ఏ వస్తువు ఏ దారిని మన గడప దాటి వచ్చినదో కొంతవరకు తెలియగలదు. ఉట్టి, అటక, గూడు అనునవి అచ్చతెనుగు మాటలు. కుర్చీ అరబ్బీ భాషనుండి వచ్చినది. అలమార పోర్చుగీసువారి మాట. బీరువా అనునది ఫ్రెంచి, ఆంగ్ల భాషలలోని ‘బ్యూరో’ అను మాటకు మన నోట కలిగిన రూపము. మన పూర్వులు ధాన్యమును గాదెలోను, నగలను పెట్టెలోను, తాటాకు పుస్తకములను గోడగూటిలోను, పెరుగును ఉట్టిమీదను ఉంచుకొనిరి. నిలువుగ నిలిచి, అరలు కలిగి, తలుపులు తెరచుకొను కొయ్యసామాను సముద్రతీరమునుండి లోనాడునకు వచ్చినది. అందులోను గదిమూలకు అతికినట్లు నిలుచు ముక్కోణపు బీరువా, 18వ శతాబ్దిలో ఇంగ్లండునందు పింగాణి పాత్రలను దాచుటకును చూపుటకును మిక్కిలి వాడుకలోనికి వచ్చిన రూపము. రూపము పరులది, పేరు పరులది. దానిని మన యిండ్లలో నిలిపిన చేయి మాత్రము మనవారిది. ఆ చేతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని మా సంకల్పము.

వడ్రంగి యను మాట సంస్కృతమునందలి ‘వర్ధకి’ శబ్దమునుండి పుట్టినది. అమరసింహుడు ఈ వృత్తివానికి ఐదు పేర్లు చెప్పెను. వానిలో రథకారుడనునదియు నొకటి. మయమతమున స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి యని శిల్పులు నలుగురుగా చెప్పబడిరి. స్థపతి నిర్మాణమంతటికి అధిపతి, సూత్రగ్రాహి త్రాడు పట్టి కొలత నిర్ణయించువాడు, తక్షకుడు చెక్కువాడు, వర్ధకి చెక్కినవానిని కూర్చువాడు. మన సంప్రదాయమున కొయ్యపని మయబ్రహ్మ సంతతివారిదని పెద్దలు చెప్పుదురు. ఇంటి కొట్టములో ఈ నలుగురి పనియు ఒక్కడే చేయును. చదువురానివాని పని యని దీనిని చులకన చేయువారు ఒక్క మూల బీరువాను తమ చేతులతో కూర్చి చూడవలెను.

తీరమున జరిగిన చరిత్రను సంగ్రహముగ చెప్పెదము. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకమునకు దిగిరి. 1682లో ఆంగ్లేయులు విశాఖపట్టణమున కోఠీ నెలకొల్పిరి. ఆ వర్తకులు తమ దేశపు పెట్టెలను, కుర్చీలను, వ్రాతబల్లలను చూపి, ఇట్టివే చేసిపెట్టుడని మనవారిని అడిగిరి. మనవారు చేసినవి చూపినవానిని మించినవి. ఇరుగుడు, కరుదుంప మొదలగు నల్లకొయ్యలలో ఏనుగుదంతపు పలుచని రేకులను పొదిగి, ఆ రేకులపై తీగలను, పూవులను సన్నగా గీసి, గీతలలో నల్లలక్కను నింపి మెరుగు పెట్టెడివారు. 18వ శతాబ్ది చివరికి గంధపు చెక్కతో చేసిన పెట్టెలను పూర్తిగ దంతపురేకుతో కప్పు పద్ధతియు వచ్చినది. 1756 ప్రాంతమున జాన్ కార్నీల్ అను ఆంగ్ల సైనికాధికారి విశాఖపట్టణపు పొదుగుపనిని చూచి, ఇచ్చటి పనివారు పరిపూర్ణతను అందుకొనిరని వ్రాసికొనెను. పొదుగుపని చేసినవారు కంసాలులని చరిత్రకారులు చెప్పుదురు. ఆ వస్తువులు నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోను, మరి పెక్కుచోట్లను అద్దముల వెనుక నున్నవి. ‘విజాగపటామ్’ అని ఊరిపేరు వాని క్రింద వ్రాసియున్నది. ఆ శతాబ్దపు పనులలో పెక్కింటికి చేసినవాని పేరు లేదు. కొన్నవాని పేరు కలదు, తెచ్చినవాని పేరు కలదు, వేలములో అమ్మినవాని పేరు కూడ కలదు!

దంతపుపని నేడు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1986లోను, 1991లోను జరిగిన సవరణలును దంతపు వ్యాపారమును మన దేశమున నిలిపివేసినవి. అది న్యాయమే. మా చింత దంతమును గూర్చి కాదు, కొయ్యను గూర్చి.

ఇంటి కొట్టము అనగా వసారా ప్రక్కన దింపిన ఒక తాటాకు పంచ. నేలమీద పాతిన మొద్దు. దానిచుట్టు బాడిస, ఉలులు, రంపములు, చిత్రిక, బరమా, మూలమట్టము. ఒక మూలను కుంపటిపై వజ్రము కాగుచుండును. వజ్రమనగా తోలు, ఎముకలు కాచి తీసిన బంక. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపమను ప్రకరణమున్నది. మన కొట్టములలోని మాట దాని జ్ఞాపకమేయని మాకు తోచును. ఈ పంచలో పిల్లవాడు మొదట పొట్టు ఊడ్చును, పిదప రంపమునకు రెండవ కొన పట్టును, తరువాత చిత్రిక పట్టును. మూలమట్టము చేతికి వచ్చునప్పటికి నాలుగైదేండ్లు గడచును. మా తండ్రిగారి కొట్టమున శిష్యునకు పరీక్షగా ఒక మూల బీరువాను అప్పగించుట వాడుక. చదరపు పెట్టెలో దాగు తప్పులు ముక్కోణపు పెట్టెలో దాగవు.

పరీక్ష ఎక్కడ నున్నదో వివరించెదము. మూల బీరువా ప్రక్కలు రెండును గోడలకు ఆనును. ఒక్కొక్కటి 24 అంగుళములనుకొందము. పలక మందము 1 అంగుళము. తెలియనివాడు రెండు పలకలను 24 అంగుళములకే కోయును. ఒకదాని అంచున రెండవది ఆనినప్పుడు ఒక ప్రక్క 24, రెండవ ప్రక్క 25 అగును. ముందు తలుపు వంకర నిలుచును. కావున ఒక పలక 24, మరియొకటి 23 కావలెను. ఇది మొదటి మెట్టు.

ముందరి వెడల్పు ఎంత? ఇచ్చటనే మాకు సంస్కృతము చదివిన సంతోషము కలిగినది. అది చతురస్రపు కర్ణము. బౌధాయన శుల్బసూత్రములలో కర్ణమునకు విధానమున్నది: భుజమునకు దాని మూడవవంతును, ఆ మూడవవంతులో నాల్గవవంతును కలిపి, ఆ నాల్గవవంతులో 34వ వంతును తీసివేయవలెను. 24కు 8, ఆపైన 2 కలిపిన 34; అందుండి 2లో 34వ వంతు, అనగా అంగుళములో 17వ వంతు తగ్గును. నేటి గణితముతో లెక్కించినను ఇంతే వచ్చును; భేదము అంగుళములో పదివేలవ వంతునకైన చాలదు. మా తండ్రిగారికి శుల్బసూత్రముల పేరైనను తెలియదు. “ఇరువదినాలుగుకు ముప్పదినాలుగురా, గీత లోపలికి కోయి” అని వారు శిష్యునితో చెప్పెడివారు. గీత లోపలికి కోయుటయే ఆ 17వ వంతు! శుల్బమనగా త్రాడు, సూత్రగ్రాహి పట్టినదియు త్రాడే. యజ్ఞవేదికను కొలిచిన లెక్కయు, పింగాణి దాచు బీరువాను కొలిచిన లెక్కయు ఒక్కటే యని మేము కళాశాలలో చదివిన పిమ్మట గాని మాకు తెలియరాలేదు.

ఇక గదిమూల. ఏ యింటి గోడయు సరియైన లంబకోణమున నుండదు. మట్టిగోడ సంగతి చెప్పనక్కరలేదు. త్రాడుతో ఒక గోడవెంట 3, రెండవ గోడవెంట 4 మూరలు కొలిచి, ఆ రెండు కొనల నడుమ 5 వచ్చినదా లేదా యని చూడవలెను. రానిచో బీరువాను గోడనుబట్టి వంకరగా చేయరాదు. బీరువాను సరిగనే చేసి, గోడకు తగులు వెనుక అంచులను మాత్రము చిత్రికతో సవరింతురు. మూలలోని సున్నపు ఉబ్బు తగులకుండ వెనుక కోణమును కొంచెము చెక్కివేయుదురు.

మయమతములో కొయ్యల సంధులకు ప్రత్యేకముగ నొక అధ్యాయము కలదు. అందులో మల్లలీల యను సంధి పేరు మాకు మిక్కిలి ప్రియమైనది. ఇరువురు మల్లులు పట్టుపట్టి నిలిచినట్లు రెండు కొయ్యలు ఒకదాని నొకటి విడువవు. వ్యాకరణములో సంధి నేర్పుచు నలువది సంవత్సరములు గడపిన మాకు, రెండు వర్ణములు కలియుటకంటె రెండు కొయ్యలు కలియుట కష్టమని అనిపించును. వర్ణములు వానకాలమున ఉబ్బవు. కొయ్య నారకు అడ్డముగ ఉబ్బును, వేసవిని కుంచించుకొనిపోవును. నిడివిలో మాత్రము ఇంచుమించు మారదు. అందుచే తలుపు చట్రమును ఒక కొయ్య చివర నాలుకవలె చెక్కి, మరియొక కొయ్య బెజ్జములో దిగవేసి, కొయ్యమేకు కొట్టి బిగింతురు. నడిమి పలకను మాత్రము గాడిలో కదలునట్లు విడిచిపెట్టుదురు. దానికి వజ్రము పూయరు. పూసినచో రెండు వానకాలములలో పలక నిలువున పగులును. చేవతేలిన గోదావరి టేకుతో ఇట్లు చేసిన బీరువా మూడు తరములు నిలుచును. మా యింట నున్నది నాల్గవ తరమును చూచుచున్నది.

నేడు బీరువా యనగానే ఇనుప బీరువాయే జ్ఞాపకమునకు వచ్చును. మాట యొక్క కొయ్యతనమే పోయినది. కొయ్యసామాను కావలసినవారు యంత్రమున అతికిన పలుచని పొరల పలకలతో చేసినవి కొందురు. అది తప్పని మేము అనము. ధర తక్కువ, పని త్వరితము. మన పిల్లలు ఇంజనీర్లయి దేశాంతరములకు పోవుచున్నారు. అదియు మనకు గర్వకారణమే. అయితే కొట్టము మూతపడిన యింట పనిముట్లను తూకమునకు అమ్ముట మేము కన్నులార చూచితిమి. ఉలి ఇనుముగ అమ్ముడైనది. చిత్రిక పొయ్యిలోనికి పోయినది. విశాఖపట్టణపు పనివారి పేర్లను పరులు వ్రాసికొనలేదని నొచ్చుకొనుచున్న మనము, మన తాతల పేర్లను మాత్రము ఎక్కడ వ్రాసికొంటిమి? మన సంఘములు కల్యాణమంటపములు కట్టినవి, విద్యార్థి వసతులు నెలకొల్పినవి. ఒక పనిముట్ల గదిని, ఒక పేర్ల పుస్తకమును ఏర్పరచుటకు అంత ధనము అక్కరలేదు.

పోషకులును సభ్యులును తమ యిండ్లలోని పాత మూల బీరువాలను ఒకసారి గోడనుండి జరిపి చూడవలెనని ప్రార్థించుచున్నాము. ఏ కొయ్య, ఏ ఊరు, ఎవరు చేసిరి, ఏ యేట చేసిరి అను నాలుగు సంగతులను సంఘ కార్యాలయమునకు వ్రాసి పంపినచో వచ్చు సంచికలో పట్టిక ప్రకటింపవచ్చును. తలుపులపై ఏమియు కానరాదు. అవి చూచువారికొరకు చేసినవి. అట్టడుగు అరను పైకెత్తి దాని క్రిందివైపు చూడవలెను. చిత్రిక పట్టని ఆ భాగముననే పెన్సిలు గీతలును, కొలతల అంకెలును, ఒక్కొక్కచోట చేసినవాని పేరులోని మొదటి అక్షరమును ఉండును.